గిఫ్ట్ ఎయిడ్

గిఫ్ట్ ఎయిడ్ అనేది యునైటెడ్ కింగ్‌డమ్‌లో ధార్మిక సంస్థలకు వ్యక్తులు ఇచ్చే ధన విరాళాలపై అమలులో ఉన్న పన్ను రాయితీ విధానం. దీని ప్రకారం బ్రిటన్‌లో పన్ను చెల్లించే వ్యక్తి ఒక పౌండు విరాళంగా ఇస్తే, ఆ సొమ్ముపై అతడు చెల్లించిన పన్ను కింద ప్రభుత్వం మరో 25 పెన్నీలను ఆ సంస్థకు చెల్లిస్తుంది (100 పెన్నీలు ఒక పౌండు). ఈ విధానం 1990 అక్టోబరు 1న ప్రారంభమైంది. 2000 ఏప్రిల్ 6 నుండి ఎంత చిన్న మొత్తానికైనా వర్తించే విధంగా దీనిని విస్తరించారు. రాయితీలో ప్రధాన భాగం దాతకు గాక, విరాళం స్వీకరించిన సంస్థకు చేరడం ఈ విధానపు ప్రత్యేకత.

గిఫ్ట్ ఎయిడ్ అంటే దాత ఇచ్చిన దానికి ప్రభుత్వం తన వంతుగా కలిపే కానుక అని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అది దాత ఖజానాకు కట్టిన పన్నులోంచి సంస్థకు మళ్ళించే సొమ్ము. కాబట్టి పన్ను కట్టనివారి విరాళానికి ఇది వర్తించదు. ఈ విధానంలోని నియమాలు చాలావరకు ఈ ఒక్క సూత్రం నుండి వచ్చినవే.

లెక్కించే పద్ధతి

బ్రిటన్‌లో ఆదాయపు పన్ను ప్రాథమిక రేటు 2008 ఏప్రిల్ నుండి 20 శాతంగా ఉంది. పన్ను వర్తించే ఆదాయంలో 100 పౌండ్లకు 20 పౌండ్లు పన్నుగా పోగా 80 పౌండ్లు చేతికి వస్తాయి. ఈ 80 పౌండ్లను దానం చేస్తే, పన్నుగా పోయిన 20 పౌండ్లను సంస్థ తిరిగి పొందుతుంది. 80లో 20 నాలుగవ వంతు. పన్ను రేటు 20 శాతమే అయినా, విరాళానికి 25 శాతం చేరడానికి కారణం ఇదే.

2008కి ముందు ప్రాథమిక రేటు 22 శాతం ఉండేది. అప్పుడు ఒక్కో పౌండుకు సుమారు 28 పెన్నీలు లభించేవి. పన్ను రేటు తగ్గడం పన్ను కట్టేవారికి లాభమైనా ధార్మిక సంస్థలకు నష్టమైంది. ఆ లోటును పూడ్చడానికి 2011 ఏప్రిల్ వరకు మూడేళ్ళపాటు ప్రభుత్వం పాత రేటు ప్రకారమే చెల్లించింది.

ప్రాథమిక రేటుకు మించి పన్ను కట్టేవారికి అదనంగా మరొక రాయితీ ఉంది. ఉదాహరణకు 40 శాతం రేటులో పన్ను కట్టే వ్యక్తి 100 పౌండ్లు విరాళం ఇస్తే, సంస్థకు మొత్తం 125 పౌండ్లు అందుతాయి. ఆ 125 పౌండ్లపై 40 శాతం అంటే 50 పౌండ్లు. అందులో 25 పౌండ్లు సంస్థకు చేరగా, మిగిలిన 25 పౌండ్లను దాత తన పన్ను లెక్కలో తగ్గించమని కోరవచ్చు. 45 శాతం రేటులో ఉన్నవారికి ఈ మొత్తం 31 పౌండ్ల 25 పెన్నీలు అవుతుంది. దీనిని వార్షిక పన్ను రిటర్నులో చూపవచ్చు, లేదా రెవెన్యూ శాఖకు తెలియజేసి తమ పన్ను కోడ్‌ను మార్పించుకోవచ్చు. దాత అడగకపోతే ఇది దానంతట అది రాదు.

స్కాట్లాండులో ఆదాయపు పన్ను రేట్లు వేరుగా ఉన్నప్పటికీ, అక్కడి దాతల విరాళాలపై కూడా సంస్థలకు పౌండుకు 25 పెన్నీలే లభిస్తాయి. 21 శాతం లేదా అంతకు మించిన స్కాటిష్ రేట్లలో పన్ను కట్టేవారు ఆ తేడాను తాము పొందవచ్చు.

షరతులు

గిఫ్ట్ ఎయిడ్ వర్తించడానికి ముఖ్యమైన షరతులు ఇవి:

• విరాళం ధన రూపంలో ఉండాలి. నగదు, చెక్కు, బ్యాంకు బదిలీ, కార్డు ద్వారా చెల్లించినవన్నీ ధనంగానే పరిగణించబడతాయి.
• దాత తన పేరు, ఇంటి చిరునామాతో ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. ఒకసారి ఇచ్చిన డిక్లరేషన్ అదే సంస్థకు గత నాలుగు సంవత్సరాలలో ఇచ్చిన, ఇకముందు ఇవ్వబోయే విరాళాలకు కూడా వర్తించే విధంగా ఉండవచ్చు.
• ఆ పన్ను సంవత్సరంలో (ఏప్రిల్ 6 నుండి మరుసటి ఏప్రిల్ 5 వరకు) దాత చెల్లించిన ఆదాయపు పన్ను, మూలధన లాభాల పన్నుల మొత్తం, అతని విరాళాలపై అన్ని సంస్థలు తిరిగి పొందే మొత్తానికి తగ్గకూడదు.
• విరాళానికి బదులుగా దాత పొందే ప్రయోజనం పరిమితిని మించకూడదు. 2019 ఏప్రిల్ నుండి ఈ పరిమితి మొదటి 100 పౌండ్లలో 25 శాతం, ఆపై మొత్తంలో 5 శాతం. ఏడాదికి ఒక సంస్థ నుండి పొందే ప్రయోజనం 2,500 పౌండ్లు దాటరాదు.

సంస్థ నుండి వస్తువు కొన్నప్పుడు, లాటరీ టిక్కెట్టు తీసుకున్నప్పుడు, హాలు అద్దెకు తీసుకున్నప్పుడు చెల్లించే సొమ్ము విరాళం కాదు. అలాగే స్నేహితుల నుండి చందాలు పోగుచేసి, మొత్తాన్ని ఒక్కరి పేరుతో ఇచ్చి గిఫ్ట్ ఎయిడ్ కోరడం కుదరదు. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరూ తమ సొమ్ముకు తామే డిక్లరేషన్ ఇవ్వాలి. తుపాను, వరద బాధితుల కోసం ప్రవాసులు నిధులు సేకరించేటప్పుడు ఈ నియమాన్ని గమనించడం అవసరం.

పన్ను కట్టనివారు డిక్లరేషన్ ఇస్తే

బ్రిటన్‌లో 2021-22 నుండి సాధారణంగా సంవత్సరానికి 12,570 పౌండ్ల వరకు ఆదాయంపై పన్ను లేదు. ఆదాయం అంతకంటే తక్కువగా ఉన్నవారు, వేరే విధంగా మూలధన లాభాల పన్ను కట్టి ఉంటే తప్ప, గిఫ్ట్ ఎయిడ్ డిక్లరేషన్ ఇవ్వకూడదు. దుకాణాలలో వస్తువులపై కట్టే విలువ ఆధారిత పన్ను, ఇంటిపై కట్టే కౌన్సిల్ పన్ను ఈ లెక్కలోకి రావు.

చదువుకుంటూ పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసే విద్యార్థికి ఏడాదికి 9,000 పౌండ్ల జీతం వస్తుందనుకుందాం. అతడు 40 పౌండ్లు విరాళమిచ్చి, పన్ను కడుతున్నట్లు డిక్లరేషన్‌పై సంతకం చేస్తే, సంస్థ 10 పౌండ్లను రెవెన్యూ శాఖ నుండి తీసుకుంటుంది. కాని ఆ విద్యార్థి కట్టిన పన్ను ఏమీ లేదు. కనుక ఆ 10 పౌండ్లు అతడు ప్రభుత్వానికి చెల్లించవలసి వస్తుంది. ఒకవేళ యజమాని జీతంలో పన్ను కోసినా, అది ఏడాది చివర పూర్తిగా వాపసు వచ్చినట్లయితే పన్ను కట్టినట్లు కాదు. విద్యార్థులు, ఉద్యోగం లేని గృహిణులు, కొద్దిపాటి పింఛనుపై జీవించే వృద్ధులు ఫారంపై టిక్కు పెట్టే ముందు ఈ విషయాన్ని చూసుకోవాలి. భార్యాభర్తలను 1990 ఏప్రిల్ నుండి వేర్వేరు పన్ను చెల్లింపుదారులుగా లెక్కిస్తున్నందున, భర్త కట్టిన పన్నును చూపి భార్య, భార్య కట్టిన పన్నును చూపి భర్త డిక్లరేషన్ ఇవ్వడానికి వీలులేదు.

ఆదాయం తగ్గి పన్ను కట్టడం మానివేసినవారు, తాము గతంలో డిక్లరేషన్ ఇచ్చిన సంస్థలకు ఆ సంగతి తెలియజేసి దానిని రద్దు చేసుకోవాలి. విరాళం మాత్రం ఎప్పటిలాగే ఇవ్వవచ్చు.

చరిత్ర

బ్రిటన్‌లో 1799లో విలియం పిట్ ఆదాయపు పన్నును ప్రవేశపెట్టినప్పుడే ధార్మిక సంస్థల ఆదాయానికి మినహాయింపు ఇచ్చారు. ఏది ధార్మిక కార్యం అనే ప్రశ్నకు 1601లో ఎలిజబెత్ రాణి కాలంలో వచ్చిన చట్టపు పీఠిక చిరకాలం ఆధారంగా ఉంది. 1891లో పెంసెల్ కేసు తీర్పులో లార్డ్ మెక్‌నాటెన్ ధార్మిక కార్యాలను పేదరిక నివారణ, విద్య, మతం, సమాజానికి ఉపయోగపడే ఇతర పనులు అని నాలుగు తరగతులుగా విభజించాడు. ఇంగ్లండు, వేల్స్‌లకు ప్రస్తుతం 2011 నాటి చారిటీల చట్టం వర్తిస్తుంది.

వ్యక్తుల విరాళాలపై రాయితీ మొదట ఒడంబడిక పత్రాల ద్వారా లభించేది. దాత ఆరేళ్ళకు మించిన కాలంపాటు ఏటా నిర్ణీత మొత్తం ఇస్తానని పత్రం రాసి ఇస్తే, ఆ మొత్తంపై పన్నును సంస్థ తిరిగి పొందేది. అందువల్ల ఏడేళ్ళ ఒడంబడికలు వాడుకలోకి వచ్చాయి. 1980లో ఈ గడువును మూడేళ్ళకు మించిన కాలానికి తగ్గించడంతో నాలుగేళ్ళ ఒడంబడికలు సాధారణమయ్యాయి. అయితే ఒక్కసారి ఇచ్చే విరాళానికి రాయితీ ఉండేది కాదు.

ఈ లోటును తీర్చడానికి ఆర్థిక మంత్రి జాన్ మేజర్ 1990 బడ్జెట్‌లో గిఫ్ట్ ఎయిడ్‌ను ప్రకటించాడు. అప్పుడు కనీస విరాళం 600 పౌండ్లు. దీనిని 1992లో 400 పౌండ్లకు, 1993లో 250 పౌండ్లకు తగ్గించారు. అప్పటికీ అది కలిగినవారికే అందుబాటులో ఉండేది. గోర్డన్ బ్రౌన్ ఆర్థిక మంత్రిగా ఉండగా, 2000 ఏప్రిల్‌లో కనీస పరిమితిని పూర్తిగా తొలగించారు. నెలకు రెండు పౌండ్లు ఇచ్చేవారికి కూడా ఆనాటి నుండి ఈ విధానం వర్తించింది. ఒడంబడికలు కూడా ఇందులోనే కలిసిపోయాయి.

చిన్న విరాళాల పథకం

హుండీలలో, వీధులలో తిప్పే డబ్బాలలో వేసే చిల్లరకు డిక్లరేషన్లు తీసుకోవడం సాధ్యం కాదు. అందుచేత 2013 ఏప్రిల్‌లో గిఫ్ట్ ఎయిడ్ చిన్న విరాళాల పథకం మొదలైంది. ఇందులో దాత ఎవరో తెలియకపోయినా 25 శాతం అదనపు సొమ్ము లభిస్తుంది. ఒక్కో విరాళం 20 పౌండ్లు మించకూడదన్న పరిమితిని 2019 ఏప్రిల్ నుండి 30 పౌండ్లకు పెంచారు. ఏడాదికి ఈ పథకం కింద లెక్కలోకి తీసుకొనే మొత్తం విరాళాలు మొదట 5,000 పౌండ్లు కాగా, 2016 నుండి 8,000 పౌండ్లు. ప్రజలు సమావేశమయ్యే భవనాలు గల సంస్థలకు కొంత వెసులుబాటు ఉంది. అయితే సంస్థ మామూలు గిఫ్ట్ ఎయిడ్ కూడా కోరుతూ ఉండాలి. ఆ విరాళాలకు పది రెట్ల వరకే చిన్న విరాళాలను చూపవచ్చు. చర్చిలు, మసీదులు, గురుద్వారాలు, హిందూ ఆలయాలు వంటి ప్రార్థనా స్థలాలకు ఈ పథకం ఉపయోగకరంగా ఉంది.

ఇతర రాయితీలు

ఉద్యోగులు పన్ను లెక్కించక ముందే జీతంలోంచి విరాళం ఇచ్చే పద్ధతి 1987 నుండి అమలులో ఉంది. షేర్లు, భూములు, భవనాలు దానం చేసేవారికి వేరే రాయితీలున్నాయి. వీలునామా ద్వారా ధార్మిక సంస్థలకు రాసిన ఆస్తిపై వారసత్వ పన్ను ఉండదు. 2012 ఏప్రిల్ 6 నుండి, నికర ఆస్తిలో కనీసం పదవ వంతును ఇలా రాసినవారి మిగిలిన ఆస్తిపై పన్ను రేటు 40 నుండి 36 శాతానికి తగ్గుతుంది.

పాత బట్టలు, పుస్తకాలు వంటి వస్తువులకు గిఫ్ట్ ఎయిడ్ నేరుగా వర్తించదు. కాని సంస్థకు చెందిన దుకాణం దాత తరఫున ఆ వస్తువులను అమ్మి, వచ్చిన సొమ్మును దాత అనుమతితో విరాళంగా తీసుకుంటే వర్తిస్తుంది.

భారతదేశానికి పంపే విరాళాలు

ఐరోపా న్యాయస్థానం 2009లో పెర్షె కేసులో ఇచ్చిన తీర్పు తరువాత, బ్రిటన్ తన 2010 చట్టం ద్వారా ఐరోపా సమాఖ్య దేశాల సంస్థలకు కూడా ఈ రాయితీలను విస్తరించింది. ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన పిమ్మట 2023 మార్చిలో ఈ వెసులుబాటు ఉపసంహరణ మొదలై 2024 ఏప్రిల్‌తో పూర్తయింది. ప్రస్తుతం బ్రిటన్ న్యాయస్థానాల పరిధిలోని సంస్థలకు మాత్రమే గిఫ్ట్ ఎయిడ్ లభిస్తుంది.

కనుక బ్రిటన్‌లో నివసించే తెలుగువారు తిరుమల హుండీలో వేసిన కానుకకు గాని, స్వగ్రామంలోని పాఠశాలకు నేరుగా పంపిన సొమ్ముకు గాని గిఫ్ట్ ఎయిడ్ వర్తించదు. బ్రిటన్‌లోని ధార్మిక సంస్థకు విరాళమిచ్చి, ఆ సంస్థ భారతదేశంలో సేవా కార్యక్రమాలకు ఖర్చు చేస్తే వర్తిస్తుంది. అటువంటి సందర్భంలో సొమ్ము ధార్మిక కార్యానికే వినియోగమయ్యేలా ఆ సంస్థ తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. భారతదేశంలో ఆ సొమ్మును పుచ్చుకొనే సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత విదేశీ విరాళాలు ముందుగా భారతీయ స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకు చేరాలి.

భారతదేశంలో 80జి సెక్షన్‌గా ప్రసిద్ధి పొందిన రాయితీలో పన్ను తగ్గేది దాతకే. గిఫ్ట్ ఎయిడ్‌లో ప్రాథమిక రేటు మేరకు లాభం సంస్థకు చేరుతుంది. రెండు విధానాలకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

దుర్వినియోగం, విమర్శలు

2023-24లో గిఫ్ట్ ఎయిడ్ కింద ధార్మిక సంస్థలకు సుమారు 160 కోట్ల పౌండ్లు చేరాయి. అర్హత ఉండి కూడా డిక్లరేషన్ ఇవ్వనందువల్ల ఏటా సుమారు 56 కోట్ల పౌండ్లు సంస్థలకు అందకుండా పోతున్నట్లు రెవెన్యూ శాఖ గతంలో అంచనా వేసింది.

ఇంత పెద్ద మొత్తం చేతులు మారే చోట దుర్వినియోగానికి కూడా ప్రయత్నాలు జరిగాయి. కప్ ట్రస్ట్ అనే సంస్థ సుమారు 17.6 కోట్ల పౌండ్ల విరాళాలు అందినట్లు చూపి, 4.6 కోట్ల పౌండ్ల గిఫ్ట్ ఎయిడ్ కోరింది. ధార్మిక కార్యాలకు అది వెచ్చించినది మాత్రం అందులో అత్యల్ప భాగం. 2013లో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఈ వ్యవహారాన్ని విచారించి, పర్యవేక్షణ లోపాలను తీవ్రంగా విమర్శించింది.

ధర్మకార్యాలకు పన్ను మినహాయింపు అనేది పార్లమెంటు పరిశీలన లేకుండా ప్రజాధనం నుండి ఇచ్చే గ్రాంటుతో సమానమన్నది పాత వాదన. ఆర్థిక మంత్రిగా గ్లాడ్‌స్టన్ 1863లో ఈ వాదనతోనే ధార్మిక సంస్థల ఆదాయంపై పన్ను ప్రతిపాదించి, తీవ్ర వ్యతిరేకత రావడంతో విరమించుకున్నాడు. 2012లో జార్జ్ ఆస్బోర్న్ సంపన్నులు పొందే పన్ను రాయితీలపై పరిమితి విధించబోయి, ధార్మిక సంస్థల నిరసనతో ఆ ఏడాది మే నెలలో విరాళాలను అందులో నుండి మినహాయించాడు. అధిక రేటులో పన్ను కట్టేవారికి లభించే అదనపు రాయితీని కూడా దాతకు బదులు సంస్థకే ఇవ్వాలని కొందరు కోరుతున్నారు. ఆ రాయితీయే పెద్ద విరాళాలను ప్రోత్సహిస్తున్నదని మరికొందరి అభిప్రాయం. ప్రస్తుత నియమాల ప్రకారం దాత ఆ సొమ్మును తాను ఉంచుకోవచ్చు, లేదా తిరిగి అదే సంస్థకు విరాళంగా ఇవ్వవచ్చు. అలా ఇచ్చిన దానికి కూడా గిఫ్ట్ ఎయిడ్ వర్తిస్తుంది.