పాత ల్యాప్‌టాప్‌కు కొత్త నెట్‌వర్క్ కార్డు: అప్పు చేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి

పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ బీరువా పై అరలో పడి ఉన్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. తెర బాగుంటుంది, మీటలు పనిచేస్తాయి, ఆన్ చేస్తే వెలుగుతుంది. కాని వైఫై అందదు. ఇంటర్నెట్ రాని యంత్రం అమ్మాయి డిగ్రీ చదువుకు గాని, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గాని పనికిరాదని తేల్చి, తండ్రి కొత్త దాని కొరకు వాయిదాల దుకాణం మెట్లెక్కుతాడు. ఆ వాయిదాలలో వడ్డీ ఎంత కలిసి ఉన్నదో ఒప్పందపు కాగితం చివరి పుటలో చిన్న అక్షరాలలో కనిపిస్తుంది. వడ్డీ గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. చెప్పవలసినది వేరొకటి ఉన్నది. ఇంతటి అప్పుకు కారణమైన లోపం చాలాసార్లు అగ్గిపెట్టెలో సగమంత ఉండే ఒక చిన్న కార్డులో ఉంటుంది. దాని ధర కొన్ని వందల రూపాయలు. దానిని మార్చడానికి కావలసినది ఒక చిన్న స్క్రూడ్రైవరు, గంటసేపు ఓపిక.

దుబారా అనగానే పెళ్లి విందులలో మిగిలిపోయిన అన్నమే మనకు గుర్తుకు వస్తుంది. దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్నది. ఆ హెచ్చరిక అన్నానికే పరిమితం కాదు. పనిచేయగల వస్తువును పక్కన పడేసి మరొకటి కొనడానికి కూడా అది వర్తిస్తుంది. దైవప్రవక్త (సఅసం) తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, తమ బట్టలు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మరమ్మతు చిన్నతనం కాదని గ్రహించడానికి ఇది చాలు. ఈ పని మగవారిదేనని కూడా అనుకోనవసరం లేదు. కుట్టుమిషను బాబిన్ మార్చగల చేతులు ఈ కార్డును ఇంకా తేలికగా మార్చగలవు.

కొనడానికి ముందు లోపం ఎక్కడ ఉన్నదో నిర్ధారించుకోవాలి. అదే వైఫై ఫోనులో వస్తున్నదా? రాకపోతే తప్పు రౌటరుది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి పక్కన వైఫై కొరకు ఒక చిన్న మీట ఉంటుంది. సంచిలో పెట్టేటప్పుడు అది జరిగిపోయి, నెలల తరబడి ఎవరూ గమనించని సందర్భాలు తక్కువేమీ కావు. తరువాత విండోస్‌లోని డివైస్ మేనేజర్ తెరచి, నెట్‌వర్క్ అడాప్టర్ల వరుసలో వైఫై కార్డు పేరు ఉన్నదేమో చూడండి. పేరు ఉండి పసుపు గుర్తు కనిపిస్తే లోపం బహుశా డ్రైవరుది. డబ్బు ఖర్చు లేదు. రౌటరు పక్కన కూర్చుంటే వచ్చి, గది దాటితే పోతుంటే కార్డుకు తగిలించిన యాంటెన్నా తీగ ఊడి ఉండవచ్చు. పేరే లేకుంటే కార్డు చచ్చిపోయి ఉండాలి, లేదా తన గాడిలో వదులై ఉండాలి. ఒకసారి బయటకు తీసి మళ్లీ గట్టిగా అమర్చితే బాగుపడేవి కూడా ఉంటాయి.

కార్డు బాగానే ఉన్నా మార్చవలసిన పరిస్థితి ఒకటి ఉన్నది. పాత కార్డులలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మాత్రమే అందుకుంటాయి. అపార్టుమెంటులో ఇరవై ఇళ్ల రౌటర్లు ఆ ఇరుకు దారిలోనే తోసుకుంటూ ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ కూడా అందుకునే కార్డు వేస్తే అదే ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ తరగతి ఆగకుండా సాగుతుంది. ఇంకొక చిక్కు భద్రతా పద్ధతిది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పద్ధతిని మాత్రమే అంగీకరించేలా కొత్త రౌటరును అమర్చి ఉంటే పాత కార్డు దానితో కలవదు. అప్పుడు రౌటరులో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండింటినీ అనుమతించే ఏర్పాటు ఎంచుకుంటే సరిపోతుంది.

ఇక ఏ కార్డు కొనాలి? సుమారు 2009 నుంచి 2014 వరకు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హాఫ్ మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే రకం. దాని కొలత సుమారు 30 మిల్లీమీటర్లు, 27 మిల్లీమీటర్లు. ఆ తరువాతి వాటిలో ఎం.2 రకం వచ్చింది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. ఒకటి మరొక దానిలో పట్టదు కనుక ముందు పాత కార్డును కళ్లారా చూసి, దాని మీది అక్షరాలను ఫోటో తీసుకోవాలి. మొదటి రకానికి ఇంటెల్ 7260 మంచి ఎంపిక. రెండు తరంగాలనూ అందుకుంటుంది, బ్లూటూత్ కూడా ఉన్నది. రెండవ రకానికి ఇంటెల్ ఏఎక్స్200 సరిపోతుంది. ఇక్కడ ఒక్క అంకె మోసం చేస్తుంది. ఏఎక్స్201 చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కాని అది కొన్ని కొత్త ఇంటెల్ ప్రాసెసర్లతో తప్ప పనిచేయదు. చౌకగా దొరికిందని తెస్తే మీ పాత యంత్రంలో అది ఉత్త రేకు ముక్కే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల కొనేవారు పాత కార్డును వెంట తీసుకుపోవడం మంచిది.

అన్నింటికంటె పెద్ద ఆటంకం కంటికి కనిపించనిది. కొన్ని కంపెనీలు తాము ఆమోదించిన కార్డుల జాబితాను యంత్రపు బయోస్‌లోనే రాసిపెట్టాయి. జాబితాలో లేని కార్డు వేస్తే ల్యాప్‌టాప్ లేవనే లేవదు. 2011లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్220 ఇందుకు ఉదాహరణ. అనుమతి లేని కార్డు వేస్తే 1802 అనే సంఖ్యతో ఒక సందేశం చూపి నిలిచిపోతుంది. హెచ్‌పీ పాత నమూనాలు కొన్నింటిలో ఇదే పని 104 అనే సంఖ్య చేస్తుంది. సొమ్ము చెల్లించి సొంతం చేసుకున్న వస్తువులో ఏ భాగం ఉండాలో అమ్మినవాడే నిర్ణయించడం న్యాయమేనా అన్న ప్రశ్న సహజం. దానికి జవాబు వెతుకుతూ బయోస్‌ను మార్చబోతే యంత్రమే శాశ్వతంగా మూగబోయే ప్రమాదం ఉన్నది. అనుభవం లేనివారు అటు పోవద్దు. ఎక్స్220కైతే లెనోవో విడిభాగపు సంఖ్య ముద్రించిన ఇంటెల్ 6205 కార్డు వెతికి కొంటే చిక్కు ఉండదు. అది 5 గిగాహెర్ట్జ్ కూడా అందుకుంటుంది. ఏదీ దొరకకుంటే యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఉండనే ఉన్నది. పక్కకు పొడుచుకు వస్తుంది, పిల్లల చేతిలో విరిగే భయమూ ఉన్నది, అయినా అప్పు కంటె మేలు.

అమర్చే పద్ధతి కష్టమైనది కాదు. యంత్రాన్ని స్లీపులో కాక పూర్తిగా ఆపివేయాలి. చార్జరు తీసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టాలి. పొడి గుడ్డ పరచిన బల్ల మీద పని పెట్టుకుని, ముందుగా ఏదైనా లోహాన్ని తాకితే ఒంటిలోని స్థిర విద్యుత్తు పోతుంది. కొన్నింటిలో అడుగున ఉన్న మూత తీస్తే కార్డు కనిపిస్తుంది. ఎక్స్220 వంటి వాటిలో కీబోర్డును, అరచేతులు ఆనే పలకను ఎత్తవలసి ఉంటుంది. విప్పిన స్క్రూలను వచ్చిన వరుసలోనే ఒక కాగితం మీద అంటించి పెట్టండి. ఏ స్క్రూ ఎక్కడిదో మరచిపోవడమే ఈ పనిలో తరచు జరిగే అనర్థం.

యాంటెన్నా తీగలను లాగకూడదు. వాటి కొనన ఉన్న చిన్న గుండ్రని లోహపు టోపీ కిందికి గోరు పోనిచ్చి నిటారుగా పైకి ఎత్తాలి. ఆ టోపీలు సుమారు ముప్పై సార్లు పెట్టి తీయడానికి మాత్రమే తయారైనవి. పరీక్ష కొరకు పదే పదే ఊడదీయడం తగదు. కార్డును పట్టి ఉంచిన స్క్రూ విప్పగానే అది ఏటవాలుగా లేస్తుంది. కొత్తదానిని అదే వాలులో గాడిలోకి తోసి, కిందికి నొక్కి స్క్రూ బిగించి, తీగల టోపీలను చిన్న చప్పుడు వినిపించేదాకా అదమాలి. పాత కార్డుకు ఒకే తీగ తగిలించి ఉంటే, వాడని రెండవ తీగ పక్కన చుట్టి ఉన్నదేమో వెతకండి. లేకపోతే రెండు తీగలు కావలసిన కార్డుకు పూర్తి వేగం రాదు.

ఆన్ చేసిన తరువాత డ్రైవరు కావాలి, డ్రైవరుకు ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవరు కావాలి! ఈ ముడిని విప్పడానికి ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చేస్తే చాలు. కార్డు పేరు తెలియకపోతే డివైస్ మేనేజరులోని హార్డ్‌వేర్ ఐడీ చూడండి: 8086 ఇంటెల్‌ది, 168సి ఎథెరోస్‌ది, 14ఈ4 బ్రాడ్‌కామ్‌ది, 10ఈసి రియల్‌టెక్‌ది. అయితే విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. పాత యంత్రంలో లినక్స్ మింట్ వేసుకుంటే ఇంటెల్, ఎథెరోస్ కార్డులు సాధారణంగా విడిగా డ్రైవరు అడగకుండానే పనిచేస్తాయి. చదువుకు కావలసిన బ్రౌజరు, లిబ్రేఆఫీస్ దానిలోనే ఉచితంగా వస్తాయి. దొంగ విండోస్ వేయించుకోవలసిన అగత్యమూ తప్పుతుంది.

కలిపే సమయంలోనే ఇంటి కాపలా సంగతి కూడా చూడాలి. నెట్‌వర్క్ అమరికలలో డీఎన్ఎస్ చిరునామాలుగా 1.1.1.3, 1.0.0.3 రాస్తే అశ్లీల స్థలాలను, హానికరమైన వాటిని క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఉచితంగా ఆపుతుంది. రౌటరులోనే రాస్తే ఇంట్లోని ఫోన్లకూ ఆ రక్షణ ఉంటుంది. ఇది గోడ కాదు, కంచె మాత్రమే. బ్రౌజరులో సొంత డీఎన్ఎస్ ఎంచుకున్న పిల్లవాడు దానిని దాటిపోగలడు. అందుచేత పిల్లలకు అడ్మిన్ హక్కులు లేని ఖాతా ఇచ్చి, ల్యాప్‌టాప్‌ను నలుగురూ తిరిగే గదిలో ఉంచడం ఏ అమరిక కంటెనైనా గట్టి పని. పక్కింటి వైఫై పాస్‌వర్డు ఎవరో చెప్పారని దానితో కలపడం మాత్రం, యజమాని అనుమతి లేనప్పుడు, పొరుగువారి హక్కుకు సంబంధించిన విషయం.

హాస్టలు గాని, కళాశాల గాని విద్యార్థుల యంత్రాలను మ్యాక్ చిరునామాతో నమోదు చేసుకుంటే, కార్డు మారగానే ఆ చిరునామా కూడా మారుతుందని గుర్తుంచుకుని మళ్లీ నమోదు చేయించాలి. కొంతసేపు పనిచేసి వైఫై తెగిపోతుంటే డివైస్ మేనేజరులో కార్డు పవర్ మేనేజ్‌మెంట్ భాగం తెరచి, విద్యుత్తు ఆదా కొరకు దానిని ఆపే అనుమతి ముందున్న టిక్కును తీసివేయండి. తీసిన కార్డు బాగున్నదైతే కొత్తది వచ్చిన కవరులోనే భద్రపరచండి. చెడినదైతే చెత్తబుట్టలో కాక ఈ-వ్యర్థాలు తీసుకునే వారికి ఇవ్వండి.