తియ్యటి వాసన, తెల్లటి డబ్బా

రేడియేటర్ కొత్తది వేయించుకుని ఆటోనగర్ నుంచి ఇంటికి బయల్దేరారు. వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగేసరికి పాకం కాగుతున్నట్టు తియ్యటి వాసన. ఫోన్ చేస్తే మెకానిక్, ‘పోసేటప్పుడు కాస్త ఒలికింది సార్, నాలుగు రోజుల్లో పోతుంది’ అంటాడు. చాలాసార్లు అది నిజమే. కాదని తెలుసుకోవడం ఎలా?

కూలెంట్‌లో సాధారణంగా సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. పైన తుప్పు పట్టనివ్వని రసాయనాలు, రంగు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే గ్లైకాల్ 197 దగ్గర మరుగుతుంది. అందుకే ఒలికిన కూలెంట్‌లో నీరు ముందు ఎగిరిపోయి, గ్లైకాల్ జిగురులా ఇంజనుకు అంటుకుపోతుంది. పాలు పొంగిన పొయ్యిని తుడవకపోతే వెలిగించినప్పుడల్లా మాడు వాసన వచ్చినట్టే, ఇంజను వేడెక్కినప్పుడల్లా ఇదీ వాసనేస్తుంది.

ఇంజను చల్లారాక మరకలను తడిగుడ్డతో తుడవండి. బానెట్ కింద ఉండే తెల్లటి కూలెంట్ డబ్బా మీద, ఇంజను చల్లగా ఉన్న పొద్దుటిపూట, మట్టం దగ్గర గీత పెట్టండి. మొదట్లో మట్టం కాస్త తగ్గితే కంగారు పడనక్కర్లేదు. లోపల చిక్కుకున్న గాలి బయటికొచ్చి ఆ చోటును కూలెంట్ నింపుతుంది. రోజూ తగ్గుతూనే ఉంటే మాత్రం లీకే. హోస్ పైపుల క్లాంపులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు చూడండి. కొన్ని లీకులు వేడికి ఒత్తిడి పెరిగితేనే బయటపడతాయి. షెడ్డులో చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూస్తారు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి; మరిగే కూలెంట్ ఎగజిమ్ముతుంది.

వాసన ఏసీ గాలితో కారు లోపలికే వస్తూ, ముందు అద్దం మీద జిడ్డు పొర కడుతూ, కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తుంటే అనుమానం హీటర్ కోర్ మీదికి మళ్లాలి. మనం హీటర్ వాడకపోయినా చాలా కార్లలో కూలెంట్ దాని గుండా తిరుగుతూనే ఉంటుంది.

రబ్బరు మాడిన వాసనైతే హోస్ పైపు బెల్టుకో సైలెన్సర్ గొట్టానికో తగులుతోందేమో చూడాలి. చాలా ఆటోమేటిక్ కార్లలో గేర్ ఆయిల్ కూడా రేడియేటర్‌లోనే చల్లబడుతుంది. ఆ గొట్టాల బిగింపు సరిగా లేకపోతే మాడిన నూనె వాసన వస్తుంది. కొత్త పెయింటు వాసన ఒకటి రెండు ప్రయాణాలతో పోతుంది. వైరు కాలిన వాసనైతే వెంటనే కారు ఆపేయాలి. కుళ్లిన గుడ్ల వాసనకు కూలెంట్‌తో సంబంధం లేదు. బ్యాటరీని, పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని చూపించాలి.

గ్లైకాల్ రుచీ తియ్యనే, అదే దాని ప్రమాదం. ఒంట్లోకి వెళ్తే కాలేయంలోని ఎంజైములు దాన్ని ఆక్జాలిక్ ఆమ్లం దాకా మారుస్తాయి. అది కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తీసిన పాత కూలెంట్‌ను పిల్లలకు, కుక్కలకు అందేచోట ఉంచకూడదు.

ఇంకో సంగతి: ఏ వాసనకైనా ముక్కు కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. ‘వాసన పోయింది’ అని మీకనిపించడం ఒకటి, లీకు ఆగడం ఇంకొకటి. మెకానిక్ మాట నిజమో కాదో డబ్బా మీద గీతే చెబుతుంది.