వాల్వు పని వదులుడే కాదు, ఆపుడు గూడ

పోయిన వానకాలం ఒకరోజు పొద్దుగూకంగ మా గల్లీల ఉండే పిలగాడు చెయ్యి పట్టుకొని ఇంటికొచ్చిండు. పాలమూరు దిక్కు నుంచి వచ్చి హైదరాబాద్‌ల అపార్టుమెంట్లకు కిటికీలు బిగిస్తడు. అరచెయ్యి నిండ, మెడ మీద పసుపచ్చటి జిగురు గడ్డకట్టి ఉన్నది. కన్ను పక్కపొంటి గూడ ఒక చుక్క. "అన్నా, ఫోమ్ డబ్బా మీద కొట్టింది" అన్నడు.

కిటికీ ఫ్రేముకు, గోడకు నడుమ సందు నింపుటానికి పీయూ ఫోమ్ కొడ్తరు. ఆ రోజు ఇచ్చిన డబ్బా నాజిల్ ఎంత వంచినా ఏం రాలే. ఊపి చూస్తే నిండుగనే ఉన్నది. పని చేస్తలేదని చెప్తే కాంట్రాక్టరు "నువ్వే ఖరాబ్ చేసినవ్, పైసలు నీ కూలిల పట్టుకుంట" అన్నడట. పిలగాడు భయపడి మొల తీసుకొని వాల్వుల పొడిచిండు. లోపల ఉన్నదంత ఒక్కసారి ఎగజిమ్మింది. కన్ను దక్కింది, అదే నయం. డబ్బా పైసలు మాత్రం కూలిల పట్టుకున్నరు.

"ఆ డబ్బా ఎక్కడుండె తమ్మీ?" అని అడిగిన. "సెల్లార్ల, సిమెంటు బస్తాల మీద అడ్డం పడి ఉండె. ఎండకాలం ముందు నుంచి అక్కడ్నే" అన్నడు.

నేను ఇంజనీరును కాదు. పదో తరగతి కాడ ఆగినోన్ని. కూలీల పంచాయితీలు పట్టుకొని తిరుగుకుంట, అవసరం పడ్డప్పుడల్ల పుస్తకం తెరిచి నేర్చుకున్న. పేటెంటు కాగితాలు ఎవరైనా పైస ఖర్చు లేకుంట చదువుకోవచ్చు. బొమ్మలు ఉంటయి, ఓపిక ఉంటే అర్థమైతయి. గట్ల చదివినంక నాకు తెలిసింది ఒక్కటే: ఆ డబ్బాను ఖరాబ్ చేసింది పిలగాడు కాదు. నీళ్లు. అదెట్లనో చెప్త.

ముందుగాల డబ్బాల ఏమున్నదో చూడాలె. ఇసోసయనేట్ అనే జాతి రసాయనం ఉంటది. ఫోమ్‌ల వాడేదాన్ని పొట్టిగ ఎండీఐ అంటరు. దాన్ని ఇంకో రసాయనంతోని సగం కలిపి చిక్కటి పాకం లెక్క చేసి పోస్తరు. దాన్ని బయటికి నెట్టెటందుకు మన వంట సిలిండర్ల ఉండే అసుంటి గ్యాసును ఒత్తి నింపుతరు. నాజిల్ వంచంగనే గ్యాసు ఉబ్బి పాకాన్ని నురగ చేస్తది. గాలిల ఉన్న తేమ తగిలి ఆ నురగ గట్టిపడ్తది. అందుకే తెలిసిన ఫిట్టర్లు ముందుగాల గోడకు నీళ్లు చల్లి తర్వాత ఫోమ్ కొడ్తరు.

అంటే ఈ సరుకు నీళ్ల కోసం ఆకలిగొని ఉన్నది. బయట అది మనకు పనికొచ్చే గుణం. డబ్బా లోపల అయితే అదే మిత్తి. లెక్క చూడున్రి: 18 గ్రాముల నీళ్లు 250 గ్రాముల ఎండీఐని తింటయి. అంటే ఒక్క గ్రాము నీళ్లు, చెంచాల దాదాపు అయిదో వంతు, దాదాపు 14 గ్రాముల సరుకును గడ్డ చేస్తది. పైకెళ్లి కార్బన్ డయాక్సైడ్ పుడ్తది, వేడి పుడ్తది. వాల్వు పట్టేసుకోనీకి గ్రాము గూడ అక్కర లేదు. కాడ చుట్టు పల్చటి పొర గట్టిపడితే చాలు.

ఇప్పుడు వాల్వు. పైపు పెట్టి వంచి కొట్టే డబ్బాల స్ప్రింగు ఉండదు. డబ్బా నెత్తి మీద రేకు గిన్నె, దాని నడుమ మందపాటి రబ్బరు తొడుగు, ఆ రబ్బరు లోపల ప్లాస్టిక్ కాడ. కాడ అడుగు వెడల్పుగ ఉండి రబ్బరును కిందికెళ్లి గట్టిగ అదుముకొని ఉంటది. కాడను పక్కకు వంచితే అడుగు ఒక దిక్కు లేస్తది, సందుల నుంచి పాకం కాడ బొక్కలల్లకు పోయి పైకి వస్తది. వదిలిపెడితే రబ్బరే కాడను మళ్ల లోపలికి గుంజుకుంటది. స్ప్రింగు పని, సీలు పని రెండూ ఆ రబ్బరుదే. చవకల చేసిన తెలివైన పని.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలె. నాకూ వచ్చింది. లోపలి ఒత్తిడి బయటి గాలికన్న ఎన్నో రెట్లు ఎక్కువ గదా. ఉన్నదంత బయటికే నూకుతుంటే బయటి తేమ లోపలికి ఎట్ల పోతది?

మన బస్టాండు యాది చేసుకోన్రి. పండుగనాడు జేబీఎస్‌ల బస్సు ఆగంగనే జనం ఒకల మీద ఒకలు పడి దిగుతుంటరు. అయినా ఒక సన్నటి పిలగాడు వాళ్ల కాళ్ల నడుమకెళ్లి ఎక్కి సీటు పట్టేస్తడు. నీళ్ల అణువు గసుంటిదే. రబ్బరు, ప్లాస్టిక్ మన కంటికి గోడ లెక్క కనవడ్తయి గని, అణువు లెక్కల చూస్తే సందులున్న తడకలు. ఆ సందులల్ల ఎవల ఒత్తిడి వాళ్లదే. లోపల గ్యాసు ఎక్కువున్నది, బయట తక్కువున్నది. అందుకే గ్యాసు మెల్లమెల్లగ బయటికి పోతది. నీళ్లు బయట ఉన్నయి, లోపల లేనే లేవు. అందుకే నీళ్లు మెల్లమెల్లగ లోపలికి పోతయి. మొత్తం ఒత్తిడి ఎటు దిక్కున్నదని నీళ్లు చూడవు. తమ తోటి నీళ్లు ఎక్కడ తక్కువున్నయో అటే పోతయి. ఇంట్ల ప్లాస్టిక్ కవరు ఎంత గట్టిగ కట్టినా వానకాలం అప్పడాలు మెత్తబడుటానికి ఒక కారణం గిదే.

కాబట్టి గిసుంటి డబ్బాకు వాల్వు చేసేటోనికి రెండు పనులు. అడిగినప్పుడు సరుకును బయటికి వదలాలె. అడగని టైముల, నెలల కొద్ది, తేమను లోపలికి రానియ్యొద్దు. మొదటి పని దుకాణంల చూపెట్టచ్చు. రెండో పని ఎవలకూ కనవడదు. కనవడని పని మీదనే పైసలు మిగిలిచ్చుకుంటరు. ఇది వాల్వుల ముచ్చటే కాదు, అన్ని కాడ గంతే.

ఆ రెండో పని అల్కగ కాదు. బ్యూటైల్ రబ్బరు తేమను, గాలిని మంచిగ ఆపుతది, సైకిల్ ట్యూబులు దాంతోనే చేస్తరు. గని డబ్బాల పోసే గ్యాసు తగిలితే అది ఉబ్బుతది, మెత్తబడ్తది. నియోప్రీన్ ఆ గ్యాసుకు కొంత ఓర్చుకుంటది, తేమను ఆపే కాడ బ్యూటైల్ అంత గట్టిది కాదు. కాడ సంగతీ అంతే. అసిటాల్ అనే ప్లాస్టిక్ గట్టిది, సాఫుగ తయారైతది గని ఫోమ్ దానికి అతుక్కుంటది. పాలిథిన్‌కు ఫోమ్ అంతగ అతుక్కోదు గని ఆ ప్లాస్టిక్ మెత్తనిది. అమెరికాల ఒక కంపెనీ పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌ల గాజు పోగులు కలిపి కాడ చేసి పేటెంటు తీసుకున్నది. గాజు నుంచి నీళ్లు పోవు. దారిల బండలు అడ్డమున్న వాగు లెక్క తేమ చుట్టు తిరిగి పోవాలె. అంత లేటైతది. పూర్తిగ ఆపే వాల్వు లేదు, లేటు చేసే వాల్వే ఉన్నది. అందుకే డబ్బా మీద ఆఖరు తారీఖు ఏస్తరు. ఆ తారీఖు సరుకుది ఒక్కదానిదే కాదు, వాల్వుది గూడ.

ఇగ సెల్లార్ల అడ్డం పడ్డ డబ్బా కాడికి వద్దాం. డబ్బాను నిలబెడితే పాకం అడుగుకు ఉంటది, వాల్వు కింద గ్యాసు ఉంటది. కొంత తేమ దూరినా అక్కడ గడ్డకట్టేటందుకు సరుకు ఎక్కువ ఉండదు. అడ్డం పడేస్తే పాకం వాల్వును ముట్టుకొని ఉంటది. రోజుకింత దూరే తేమ అక్కడ్నే పాకాన్ని కలుస్తది. కాడ, రబ్బరు, పాకం మూడూ ఒక్కటైతయి. దానికి తోడు ఎండకాలం వేడికి తేమ ఇంకింత జోరుగ దూరుతది. నిలువుగ పెట్టాలె అని, 50 డిగ్రీలు దాటనియ్యొద్దు అని డబ్బాల మీద రాసే ఉంటది. నేను చూసిన డబ్బాల మీద మాత్రం అది చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలల్ల ఉన్నది. మొల పట్టుకున్న పిలగాడు అది చదివేదెట్ల?

ఇంత చిన్న డబ్బాకు ఇంత పంచాయితా అనుకునేటోళ్లకు ఒక్క మాట. ఇదే జాతి రసాయనం, ఇదే నీళ్లు, ఇదే వాల్వుల కథ. పెద్ద డబ్బాల జరిగితే దాని పేరు భోపాల్.

1984 డిసెంబర్ 2 రాత్రి అక్కడి యూనియన్ కార్బైడ్ కార్ఖానాల, ఈ 610 అనే ట్యాంకుల దాదాపు 40 టన్నుల మిథైల్ ఇసోసయనేట్ ఉన్నది. అది 39 డిగ్రీలకే మరుగుతది. తేమ, గాలి తగలకుంట పైన పొడి నైట్రోజన్‌ను కొంచెం ఒత్తిడితోని ఉంచాలె. అక్టోబర్ ఆఖరు నుంచే ఆ ట్యాంకుల నైట్రోజన్ ఒత్తిడి నిలుస్తలేదు. అంటే వాల్వులు మంచిగ మూసుకుంటలేవు. మూసుకోని తలుపు రెండు దిక్కులా తెరిచి ఉన్నట్టే. ఆ రాత్రి వందల కిలోల నీళ్లు ట్యాంకులకు పోయినయి. పైపులు కడిగేటప్పుడు పెట్టాల్సిన అడ్డు బిళ్ల పెట్టకపోవుడు వల్ల పోయినయని కార్మికులు చెప్పిన్రు. ఎవడో కావాలని పోసిండని కంపెనీ చెప్పింది. ఎవల మాట నమ్మినా ఒక్కటి మాత్రం ఖాయం: నీళ్లు తగిలితే ఏమైతదో తెలిసిన సరుకుకు, నీళ్లను ఆపే ఏర్పాటు సరిగ లేదు. చల్లగ ఉంచే యంత్రాన్ని ఆ ఎండకాలం నుంచే బంద్ పెట్టిన్రు. గ్యాసును కాల్చేసే గోపురానికి పైపు ముక్క ఊడదీసి ఉన్నది.

అక్కడొక వాల్వు మాత్రం తన పని తాను చేసింది. ఒత్తిడి హద్దు దాటంగనే తెరుచుకునే వాల్వు తెరుచుకున్నది. ట్యాంకు పగలకుంట కాపాడింది, గ్యాసును నిద్రపోతున్న ఊరి మీదికి వదిలింది. సర్కారు మొదట్ల సచ్చిపోయింది 2,259 మంది అన్నది, తర్వాత 3,787 అన్నది. కొట్లాడే సంఘాల లెక్క దానికన్న మస్తు ఎక్కువ. వాల్వు ఎవల కోసం తెరుచుకుంటది, ఎవల మీదికి తెరుచుకుంటది అన్నది గూడ డిజైన్‌ల భాగమే అని నేను అనేది అందుకే.

ఫోమ్ డబ్బా భోపాల్ కాదు, నిజమే. ఎండీఐ అంత తొందరగ ఆవిరి గాదు. గని రోజూ కొట్టేటోనికి, గట్టిపడని ఫోమ్ చర్మానికి తగిలేటోనికి అది ఉబ్బసం తెప్పియ్యగలదు. ఒక్కసారి ఒంటికి పడకుంట అయ్యిందంటే, తర్వాత కొంచెం తగిలినా దమ్ము ఆడదు. అప్పుడు ఆ మనిషి చేతికి ఇంకో వాల్వు వస్తది, ఇన్‌హేలర్‌ది. దాంట్లకు గూడ తేమ పోవద్దు, పోతే మందు ముద్ద కడ్తది. అందుకే కొన్ని ఇన్‌హేలర్లను రేకు సంచిల, తేమ గుంజే పొట్లం పెట్టి అమ్ముతరు. రోగం వచ్చినంక ఉన్న జాగ్రత్త, రోగం తెచ్చే డబ్బా కాడ ఎందుకుండదు?

యూరప్‌ల 2023 ఆగస్టు 24 నుంచి ఒక నియమం నడుస్తున్నది. ఈ జాతి రసాయనం వెయ్యిల ఒక వంతు కన్న ఎక్కువున్న సరుకును, శిక్షణ తీసుకోనోళ్లు పనిల వాడొద్దు. ఆ శిక్షణ ఇప్పిచ్చుడు యజమాని బాధ్యత. మా పిలగానికి ఇచ్చిన శిక్షణ ఏందంటే "జల్ది కానియ్" అనే మాట.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. డబ్బా మీద తెలుగుల, హిందీల, కంటికి కనవడేటంత అక్షరాలతోని రాయాలె. నిలువుగ పెట్టిన, తారీఖు దాటని డబ్బానే పనోని చేతికియ్యాలె. చేతులకు గ్లవుసులు, కండ్లకు అద్దాలు కాంట్రాక్టరే ఇయ్యాలె. పట్టేసిన డబ్బా పైసలు కూలిల కొయ్యొద్దు, దుకాణంల వాపస్ తీసుకోవాలె.

ఇగ కిటికీలు బిగించే తమ్ముళ్లకు చెప్పేది: డబ్బా చేతికి రాంగనే అడుగున తారీఖు చూడున్రి. వాల్వు పట్టేస్తే మొల పెట్టొద్దు, వేడి నీళ్లల్ల ముంచొద్దు, మంట దగ్గరికి తీసుకపోవద్దు. లోపలున్నది వంట గ్యాసు అసుంటిదే. పక్కకు పెట్టి, ఫోటో తీసి, "ఇది నేను చెడగొట్టలే, తేమ చెడగొట్టింది" అని నిలబడి చెప్పున్రి. ఎందుకు చెడిందని ఎవలన్న అడిగితే ఆ బస్టాండు ముచ్చట చెప్పున్రి.

మా పిలగాడు ఇప్పుడు అదే చేస్తున్నడు. మొన్న ఒక సైటు కాడ డబ్బాలన్ని లేపి నిలబెట్టిండట. మేస్త్రీ నవ్విండట గని, ఎవలూ మళ్ల అడ్డం పడెయ్యలేదట.