మెదడు కణాలకు మరమ్మతు చేసేదెవరు?

ఢిల్లీలోని మయూర్ విహార్ పాఠకులకు మెట్రో రైలు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పగలంతా రైళ్ళు తిరుగుతాయి. రాత్రి అవి ఆగాక పట్టాలను పరీక్షించి బాగుచేస్తారు. మన శరీరంలోని జీవకణాలు కూడా ఇంచుమించు ఇలాగే నడుచుకుంటాయి. అయితే అక్కడ చూసుకోవలసింది పట్టాలను కాదు, డి.ఎన్.ఏ.ను.

మనిషి కణకేంద్రకంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వాటిలోని డి.ఎన్.ఏ. పోగులను సాగదీసి కొసకు కొస కలిపితే సుమారు 2 మీటర్ల పొడవు వస్తుంది. ఈ పోగులకు నిత్యం దెబ్బలు తగులుతూనే ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, సిగరెట్ పొగ ఇందుకు కొన్ని కారణాలు. అవేవీ లేకున్నా కణంలోని నీరు, ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులే చాలు. ఒక్కొక్క కణంలో రోజుకు వేల సంఖ్యలో ఇలాంటి దెబ్బలు తగులుతాయి.

విభజనకు ముందు తనిఖీ

కణం రెండుగా విడిపోయే ముందు డి.ఎన్.ఏ.కు నకలు తీయాలి. మూలంలో తప్పుంటే అది నకలులోకీ ఎక్కవచ్చు. అందుకే దెబ్బ తగిలిందని తెలియగానే పి53 వంటి ప్రోటీన్లు విభజనను ఆపిస్తాయి. ఈ కాపలా చెడితే క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

చిన్న దెబ్బలను కణం ఎలా బాగుచేసుకుంటుంది? ఒక ఎంజైము చెడిన భాగాన్ని తొలగిస్తుంది. మరొకటి అక్కడ పోగును కత్తిరిస్తుంది. పాలిమరేజ్ బీటా అనే ఎంజైము ఎదుటి పోగును చూసి ఖాళీని నింపుతుంది. చివరికి లైగేజ్ అతుకు వేస్తుంది. ఈ పద్ధతిని వివరించిన థామస్ లిండాల్, మరో ఇద్దరితో కలిసి 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

విభజన లేని కణాలు

చర్మకణం పాడైతే దాని స్థానంలో కొత్తది వస్తుంది. మెదడులోని నాడీకణాల సంగతి వేరు. వాటిలో అత్యధిక భాగం ఒకసారి ఏర్పడ్డాక మళ్ళీ విభజన చెందవు. ఇప్పుడు మీ మెదడులో ఉన్న కణాలే మీకు ఎనభై ఏళ్ళు వచ్చాకా పనిచేయాలి. వాటికి మరమ్మతే దిక్కన్నమాట.

మరి వయసుతోపాటు ఈ మరమ్మతు శక్తి తగ్గుతుందా? హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కల్లూరి సుబ్బారావు, ఆయన సహచరులు ఈ ప్రశ్నపై ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఎలుకల మెదడులోని నాడీకణాల నుంచి సారం తీసి, ఖాళీ ఉన్న డి.ఎన్.ఏ. ముక్కలను దానికి అందించి చూశారు. ముసలి ఎలుకల కణసారంలో ఖాళీని పూడ్చే శక్తి బాగా తగ్గింది. దానికి బయటినుంచి పాలిమరేజ్ బీటా, లైగేజ్ కలిపితే మరమ్మతు మళ్ళీ సాగింది. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి.

దీని అర్థం ఏమిటి? ఈ పనిలో ముసలి నాడీకణానికి ప్రధానంగా కొరవడినవి ఈ రెండు ఎంజైములే! అయితే ఇది ముసలితనానికి మందు దొరికినట్టు కాదు. ప్రయోగం జరిగింది పరీక్షనాళికలో. బతికి ఉన్న మెదడులోని కోట్లాది కణాలకు ఎంజైములను చేర్చడం వేరే పని. వయసు మళ్ళాక కూడా కణం తన ఎంజైములను తానే తగినంతగా తయారు చేసుకునేలా చేయగలమా? జీవశాస్త్రం చదువుతున్న మీలో ఎవరైనా ఈ ప్రశ్నను చేపట్టవచ్చు.