పగటి నిడివి నెరిగిన పైరు

తొలకరిలో విత్తిన కంది నిలువెత్తు పెరిగి, పుష్యమాసమునకు గాని కోతకు రాదు. ఆ కందినే రబీలో విత్తినచో పొట్టిగా నుండగనే పూతకు వచ్చును. అందువలననే రబీ కందికి విత్తనము హెచ్చుగా వేసి, సాళ్ళు దగ్గర చేయుదురు. ఈ సంగతి మన రైతు సోదరులకు అనుభవమున తెలిసినదే. పగలు తగ్గి రాత్రి పెరిగినపుడు పూచుట కంది స్వభావము. సోయా చిక్కుడు స్వభావమును ఇట్టిదే. అట్టి పైరు శీతల దేశములందు ఎట్లు స్థిరపడినదో తెలిసికొనుట మనకును ప్రయోజనకరమని తలంచుచున్నాము.

అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు బిలాక్సీ అను సోయా రకమును కొన్ని దినముల ఎడముతో పలుమార్లు విత్తి చూచిరి. ముందు విత్తినవియు, వెనుక విత్తినవియు ఇంచుమించు ఒకే కాలమున పూచినవి. మొక్కలను ప్రతిదినము కొన్ని గంటలు చీకటిలో నుంచి పగటిని తగ్గించగా అవి త్వరగా పూచినవి. 1920లో వారు ఈ ఫలితములను ప్రకటించిరి.

హైదరాబాదున అతి దీర్ఘమైన పగలు 13 గంటలకు కొంచెము మించును. కెనడా దేశపు మానిటోబా రాష్ట్రమున అది 16 గంటలు దాటును. అచట పైరుకు దొరకు వెచ్చని కాలము సుమారు 4 మాసములు మాత్రమే. మన ప్రాంతపు సోయాను అచట విత్తినచో ఆకు, కొమ్మ పెరుగునే గాని, కాయ ముదురక మునుపే గడ్డకట్టు చలికి పైరు నశించును.

కావున దీర్ఘమైన పగటియందును పూయగల మొక్కలను ఏరుట శాస్త్రజ్ఞుల మొదటి పని అయ్యెను. స్వీడన్ దేశమున ఫిస్కేబీ అను చోట స్వెన్ హోల్మ్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞుడు దూరప్రాచ్యపు ఉత్తర దీవుల రకములను ఐరోపా రకములతో సంకరపరచి, చలిరాత్రులకు ఓర్చి త్వరగా పండు రకములను రూపొందించెను. ఆ విత్తనము తరువాత కెనడాలోని పరిశోధనలకును తోడ్పడినది. పగలు దీర్ఘముగా నున్నపుడు పూతను ఆపు జన్యువులు ఇట్టి రకములలో కొన్ని పనిచేయవని ఇటీవలి పరిశోధనలు తెల్పినవి. నేడు సోయా రకములను పంటకాలమును బట్టి 13 తరగతులుగా విభజించినారు. అతి త్వరగా పండునవి మూడు సున్నల తరగతికి చెందినవి.

విత్తన మొక్కటియే చాలదు. నేల వేడిమి 10 డిగ్రీలకు చేరక మునుపు విత్తిన గింజ చలికి దెబ్బతినును. సోయా ఎన్నడును వేయని నేలలో దాని వేళ్ళకు బుడిపెలు కట్టించు సూక్ష్మజీవులు సామాన్యముగా నుండవు. అవి లేనిదే గాలిలోని నత్రజని పైరునకు అందదు. కనుక విత్తనమునకు రైజోబియం కల్చరు పట్టించి విత్తిరి. ఇట్టి కృషి ఫలితముగా 2017లో మానిటోబాలో 20 లక్షల ఎకరములకు పైగా సోయా సాగైనది.

ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతములందు సోయా పండించు రైతులు ఇందు గ్రహింపవలసిన దొకటి గలదు. ఉత్తరదేశమున విరగకాచిన రకమును ఇచట విత్తినచో, పగలు కురచగుటచే నెల దాటునప్పటికే పూచి, మొక్క ఎదుగక, నాలుగు కాయలతో సరిపుచ్చును. విత్తనము మేలైనదే, చోటు దానిది కాదు. అట్టి విత్తనమును నమ్మి చేను నిండ విత్తిన రైతు ఆ యేటి అదనును, పెట్టుబడిని కోల్పోవును. కావున పేరు విని విత్తనము కొనక, అది మన ప్రాంతమునకు సిఫారసు చేయబడినదో లేదో వ్యవసాయాధికారి నడిగి తెలిసికొనవలెననియు, క్రొత్త రకమును మొదట నాలుగు సాళ్ళలో విత్తి చూడవలెననియు మనవి చేయుచున్నాము.