మందును మోసే వాయువు

చీరాలలో మందుల షాపుకెళ్లి ఉబ్బసానికి పీల్చే మందు అడిగితే రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి క్యాప్సూల్ పెట్టి, తిప్పి, పొడిని పీల్చుకునే రోటాహేలర్. రెండోది నొక్కితే బుస్సుమనే డబ్బా.

ఆ డబ్బా పుట్టుకకు ఒక పిల్ల కారణం. 1955లో అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మేసన్‌ను ఉబ్బసంతో బాధపడుతున్న 13 ఏళ్ల కూతురు అడిగింది, తన మందు కూడా జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా ఎందుకు రాకూడదని. అప్పట్లో రబ్బరు బుడ్డి నొక్కుతూ గాజు గొట్టంలోంచి పీల్చేవారు, మోతాదుకు లెక్కుండేది కాదు. మరుసటి ఏడాదే మెడిహేలర్ అమ్మకానికొచ్చింది. దాని ప్రాణమంతా వాల్వులో ఉంది. ఎంత గట్టిగా నొక్కినా, చుక్కంత ద్రవాన్ని ఒకే కొలతలో వదులుతుంది. ఒత్తిడికి ద్రవంగా మారిన వాయువు బయటపడగానే ఆవిరై, మందును సన్నటి తుంపర చేస్తుంది. గొంతుకు చల్లగా తగిలేది అందుకే.

మొదట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేశాయి. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత వాటి స్థానంలోకి హెచ్‌ఎఫ్‌సీ-134ఏ వచ్చింది. ఫ్రిజ్‌లకూ పనికొచ్చే ఈ వాయువు తయారీకి 1990ల్లో హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు సొంత పద్ధతి రూపొందించి పేటెంట్ పొందారు. ఈ వాయువు ఓజోన్ జోలికి పోదు. కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,400 రెట్లు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ ఇలాంటి వాయువుల్ని తగ్గించాలంది, 2021లో భారత్ దాన్ని ఆమోదించింది.

ఇప్పుడు దాని స్థానంలోకి రావడానికి ముందున్న వాయువులు రెండు: హెచ్‌ఎఫ్‌ఏ-152ఏ, హెచ్‌ఎఫ్‌ఓ-1234జడ్‌ఈ. రెండోది వాడిన తొలి ఇన్‌హేలర్‌ను 2025లో బ్రిటన్ అనుమతించింది. మందు పాతదే కదా, వాయువు మారిస్తే సరిపోదా? సరిపోదు. వాయువు మారితే తుంపర బిందువు సైజు మారవచ్చు, వాల్వు రబ్బరు ఉబ్బవచ్చు, మందు ఊపిరితిత్తుల్లోకి చేరకుండా గొంతులోనే ఆగిపోవచ్చు. కొన్ని సంగతులు యంత్రాలు తేలుస్తాయి. మనిషి ఊపిరి మీద ఏం జరుగుతుందో మాత్రం మనిషే పీల్చి చూపాలి. ముందు ఆరోగ్యవంతులు, తర్వాత రోగులు. రక్తపరీక్షలు, గొట్టంలోకి బలంగా ఊదడాలు, పాతదీ కొత్తదీ మార్చి మార్చి వాడటాలు. తమకు వెంటనే లాభం లేకపోయినా వచ్చే ఈ వలంటీర్లకు రసాయన శాస్త్రవేత్తలతో సమానంగా గౌరవం దక్కాలని నా నమ్మకం.

మన దేశంలో మందుల ప్రయోగాలపై 2019 నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం వలంటీరుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. సంతకానికి ముందు ఇవన్నీ అడగాల్సిందే.

పొడి ఇన్‌హేలర్‌కు వాయువే అక్కర్లేదు, అందరూ దానికే మారొచ్చుగా అనిపిస్తుంది. అయితే పొడి లోపలికి పోవాలంటే గట్టిగా పీల్చాలి. ఆయాసంతో ఎగశ్వాస పడుతున్న ముసలివాళ్లకూ, పసిపిల్లలకూ అంత బలం ఉండదు. వాళ్లకు ఆ డబ్బా, దాని ముందు తగిలించే స్పేసర్ అనే గొట్టమే ఆధారం.