వలస కూలీల చట్టాలలో ప్రధాన యజమాని బాధ్యత

మేస్త్రీ లేదా కాంట్రాక్టరు ద్వారా పనికి వచ్చిన కూలీల వేతనానికి, భద్రతకు ఆ పని చేయించుకొనే సంస్థ కూడా జవాబుదారీ కావడాన్ని ప్రధాన యజమాని బాధ్యత అంటారు. దక్షిణ తెలంగాణలోని పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో ఈ నియమానికి ప్రత్యేక ప్రాధాన్యత ఉంది. మహబూబ్‌నగర్ కూలీలను బయటికి పంపే ప్రాంతంగా పేరుపొందింది. పూర్వపు నల్గొండ జిల్లాలోని భువనగిరి పరిసరాలకు ఇతర రాష్ట్రాల కూలీలు వస్తుంటారు.

నేపథ్యం

మహబూబ్‌నగర్‌కు పాలమూరు అని మరో పేరు. వర్షాధారమైన మెట్ట సేద్యం, తరచు వచ్చే కరువుల కారణంగా ఇక్కడి కుటుంబాలు పనికోసం దూరప్రాంతాలకు వెళ్ళేవి. దేశంలోని అనేక ఆనకట్టలు, కాలువలు, రహదారుల నిర్మాణంలో పాలమూరు కూలీలు పాల్గొన్నారు. గుంపు మేస్త్రీ గ్రామంలోనే కుటుంబానికి కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, కూలీలను పనిస్థలానికి తీసుకువెళ్తాడు. ఆ బాకీ తీరేవరకు కూలీ పని మానలేడు. లెక్కలు మేస్త్రీ వద్దే ఉంటాయి.

భువనగిరి ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిషాలోని బలంగీర్ తదితర జిల్లాల కుటుంబాలు ఇదే పద్ధతిలో వస్తాయి. మేస్త్రీ కూలి ఎగవేసినప్పుడు ఎవరిని అడగాలన్నదే రెండుచోట్లా ప్రధాన సమస్య.

పాత చట్టాలు

1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం ప్రకారం వెట్టికి కారణమైన బాకీలు రద్దవుతాయి. వెట్టిచాకిరీ చేయించినవారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చు.

1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు లేదా అంతకుమించి అటువంటి కార్మికులున్న సంస్థలకు వర్తించేది. కాంట్రాక్టరు ప్రయాణ భత్యంతో పాటు స్థానచలన భత్యం కూడా చెల్లించవలసి ఉండేది. అతడు వేతనం ఇవ్వకపోతే ప్రధాన యజమాని చెల్లించి, ఆ సొమ్మును తరువాత అతని నుండి రాబట్టుకోవాలి.

1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ బాధ్యతను బలపరచింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ అవుతుందని కోర్టు పేర్కొన్నది. పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన కారణంగా ప్రభుత్వం తన బాధ్యతను తప్పించుకోలేదని కూడా స్పష్టం చేసింది.

రాష్ట్ర విభజన ప్రభావం

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటంతో, మేస్త్రీ వెంట గుంటూరు వంటి చోట్లకు వెళ్ళే పాలమూరు కూలీలు అంతర్రాష్ట్ర వలస కార్మికుల పరిధిలోకి వచ్చారు. హైదరాబాదుకు వెళ్ళేవారికి ఈ చట్టం వర్తించలేదు. ఇల్లు వదలి వెళ్ళడం ఇద్దరికీ సమానమే అయినా, చట్టం రాష్ట్ర సరిహద్దునే ప్రమాణంగా తీసుకొన్నది.

కొత్త కోడ్‌లు

29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. 1979 చట్టం వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో విలీనమైంది. వెట్టి కార్మిక చట్టం మాత్రం విడిగానే కొనసాగుతున్నది. ముఖ్యమైన మార్పులు:

* కాంట్రాక్టరు లేకుండా స్వయంగా వచ్చి పనిలో చేరినవారు కూడా, నిర్ణీత వేతన పరిమితికి లోబడి, అంతర్రాష్ట్ర వలస కార్మికులే.
* వలస కార్మికుల నిబంధనలు వర్తించడానికి కావలసిన కార్మికుల సంఖ్య 5 నుండి 10కి పెరిగింది.
* కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఈ సంఖ్య కేంద్ర చట్టంలోని 20 నుండి 50కి పెరిగింది.
* స్వగ్రామానికి రానుపోను ఖర్చును యజమాని ఏడాదికి ఒకసారి చెల్లించాలి. స్థానచలన భత్యం తొలగించబడింది.
* కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించాలన్న నియమం కొనసాగింది.

ఆచరణలో ప్రాముఖ్యత

నిర్వచనం విస్తరించడం వలన ఎక్కువమంది కూలీలకు గుర్తింపు లభిస్తుంది. సంఖ్యా పరిమితి పెరగడం వలన చిన్న బట్టీలు, చిన్న గుంపులు కొన్ని నిబంధనల నుండి తప్పుకొంటాయి. అయితే వేతనాల కోడ్‌లోని కనీస వేతన నియమానికి ఇటువంటి పరిమితి లేదు. ఒక్క కూలీ ఉన్నా అది వర్తిస్తుంది. ఏ చట్టం క్రింద అడిగినా, ఎక్కడ, ఎవరివద్ద, ఎన్నిరోజులు పనిచేసిందీ చూపడానికి హాజరు పట్టిక, వేతన చీటీ కావాలి. ముందస్తు సొమ్ముతో నోటిమాటగా కుదిరే మేస్త్రీ ఒప్పందంలో కూలీ చేతికి సాధారణంగా ఇవేవీ అందవు.